బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు



పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన నా వయసు వాళ్లకు కుక్క కాటు అనగానే కుక్క గుర్తుకు రాదు, సూది గుర్తుకొస్తుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. వేసిన చోటల్లా గడ్డ కట్టేది. నాలుగైదు రోజులయ్యేసరికి తర్వాతి సూది ఎక్కడ వేయాలా అని కాంపౌండరు పొట్టంతా తడిమి వెతుక్కునేవాడు. ఎండాకాలం సెలవుల్లో మేం వీధుల వెంట తిరుగుతుంటే పెద్దవాళ్లు కుక్క పేరు చెప్పి భయపెట్టేవారు కాదు, ఆ పద్నాలుగు అంకె చెప్పి భయపెట్టేవారు.

మా వీధిలో ఒకన్న ఉండేవాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. పొలం నుంచి వస్తుంటే కుక్క పిక్క పట్టుకుంది. సూదులు మొదలుపెట్టారు. పదో రోజో పదకొండో రోజో పొద్దున్నే లేవబోతే కాళ్లు కదల్లేదు. మూత్రం బిగిసిపోయింది. కుక్క విషం ఒళ్లంతా పాకిందని ఊరంతా అనుకున్నారు. బండి కట్టి స్టేషనుకు, అక్కడినుంచి రైల్లో బెంగుళూరుకు తీసుకుపోయారు. ఇక మనిషి దక్కడనే అందరూ అనుకున్నారు. కొన్ని నెలల తర్వాత అతను కర్ర ఊతంగా నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చాడు.

పిచ్చికుక్క జబ్బు, అంటే రేబీస్, పైకి కనిపించాక మనిషి బతకడమంటూ దాదాపు ఉండదు. ఆ సంగతి మా ఊళ్లో పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు. ఇతను బతికాడంటే అది కుక్క తెచ్చిన జబ్బు కాదు. మరి ఏం జబ్బు? ఆ ప్రశ్నకు జవాబు నాకు మెడికల్ కాలేజీలో చేరాకే దొరికింది. అతని కాళ్లు పడగొట్టింది కుక్క కాదు, మందు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ మందులో ఉన్నదాన్ని చూసి రెచ్చిపోయిన అతని సొంత రక్షక కణాలే అతని వెన్నుపాము మీద పడ్డాయి.

మల్టిపుల్ స్క్లీరోసిస్ గురించి, అందులో మన రోగనిరోధక కణాలు మన మెదడు మీదే ఎలా దాడి చేస్తాయో కనిపెట్టిన పరిశోధనల గురించి చెప్పడానికి కూర్చుని, కుక్క కాటు దగ్గర మొదలుపెట్టానేమిటని మీకు అనిపించవచ్చు. ఆ పరిశోధన మొదలైంది అక్కడే. మన దేశంలో లక్షలమంది పొట్టల మీద పడిన ఆ సూదిలోనే దాని మొదటి ముడి ఉంది.

ముందుకు పోయే ముందు ఒక్క మాట, దయచేసి జాగ్రత్తగా వినండి. ఇప్పుడు ఆసుపత్రుల్లో వేసే కుక్కకాటు టీకా ఆ పాత మందు కాదు. అందులో మెదడు కణజాలం రవ్వంత కూడా లేదు. భుజానికి నాలుగైదు దఫాలుగా వేస్తారు, అంతే. కుక్క కరిస్తే గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడిగి, అదే రోజు వెళ్లి వేయించుకోండి. నేను చెప్పబోయే కథ విని ఎవరైనా ఆ సూదికి వెనకాడితే నా ప్రసంగం మేలు కన్నా కీడే ఎక్కువ చేసినట్టవుతుంది.

ఇప్పుడు పాత మందు సంగతి. 1885లో పారిస్‌లో పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబీస్ టీకా వేశాడు. ఎండబెట్టిన కుందేలు వెన్నుపాముతో చేసిన మందది. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. కసౌలిలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1911లో ఒక సులువైన పద్ధతి ప్రకటించాడు. రేబీస్ వైరస్ ఎక్కించిన జంతువు మెదడును నూరి, ఫినాల్ కలిపి వైరస్‌ను చంపి, ఆ ద్రవాన్నే సూదిగా వేయడం. మన దేశంలో ఇందుకు గొర్రె మెదడు వాడేవారు. చవకైన మందు, చిన్న ఊళ్లకు కూడా చేరింది, ఎన్ని ప్రాణాలు నిలిపిందో లెక్కలేదు. ఆ మాట చెప్పకుండా దాన్ని తిట్టడం న్యాయం కాదు.

అయితే ఆ సూదితో చచ్చిన వైరస్ ఒక్కటే ఒంట్లోకి పోలేదు. గొర్రె మెదడు కూడా పోయింది. సూదులు వేయించుకున్న వాళ్లలో కొందరికి రెండు మూడు వారాల్లో కాళ్లు పడిపోయేవి, చూపు మందగించేది, కొందరికి స్పృహ తప్పేది. బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి చూసిన డాక్టర్లు ఆ అనుభవాన్ని 1984లో అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. మా వీధి అన్నలాంటి వాళ్లే వాళ్లంతా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగా పోయే ఆ రైలు మార్గం మన ప్రాంతపు నరాల జబ్బులన్నింటికీ ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒకటే దారి.

కాళ్లు పడగొట్టింది పూర్తిగా చావకుండా మిగిలిన వైరసా, గొర్రె మెదడా? ఈ సందేహాన్ని తేల్చడానికి న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో థామస్ రివర్స్ అనే శాస్త్రవేత్త పూనుకున్నాడు. ఏ వైరసూ లేని ఆరోగ్యమైన కుందేలు మెదడు తీసుకుని, దాని ద్రవాన్ని కోతులకు నెలల తరబడి పదుల సంఖ్యలో సూదులుగా వేశాడు. కొన్ని కోతులు తూలడం మొదలుపెట్టాయి, కాళ్లలో పట్టు పోయింది. మెదడు కోసి చూస్తే చిన్న రక్తనాళాల చుట్టూ తెల్లకణాలు గుంపులుగా చేరి ఉన్నాయి. వాటి పక్కనే నరపు పోగుల పైపొర ఊడిపోయి ఉంది. 1933లో ఈ ఫలితం అచ్చయింది. వైరస్ లేకపోయినా జబ్బు వచ్చింది. పరాయి మెదడు మీద కోపం తెచ్చుకున్న ఒళ్లు, ఆ కోపాన్ని సొంత మెదడు మీద తీర్చుకుంది.

ఆ పైపొర సంగతి కాస్త నిదానంగా చెబుతాను. ధర్మవరం నేతగాళ్లకు నరం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను జరీ పోగు చూపిస్తాను. అసలైన జరీలో లోపల సన్నటి పట్టు దారం ఉంటుంది. దాని చుట్టూ రేకులా సాగగొట్టిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. మెదడులోనూ వెన్నుపాములోనూ నరపు పోగు కూడా అలాంటిదే. లోపల పోగు, చుట్టూ కొవ్వుతోనూ ప్రొటీన్లతోనూ చేసిన పొర మీద పొర. దాని పేరు మైలిన్. ఆలిగోడెండ్రోసైట్ అనే కణం చేతులు చాచినట్టు తన కొసలు చాచి, చుట్టూ ఉన్న పదుల పోగులకు ఈ పొర చుట్టి పెడుతుంది. మధ్య మధ్య చిన్న ఖాళీలు వదులుతుంది. నరంలో కబురు ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుకుంటూ పోతుంది కాబట్టే అంత వేగం. పొర ఊడిన చోట కబురు కుంటుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఇక్కడితో జరీ పోలిక చాలించాలి. జరీ ఊడితే చీర వన్నె తగ్గుతుంది కానీ నేత నిలుస్తుంది. మైలిన్ ఊడి అలాగే ఉండిపోతే లోపలి పోగు కూడా మెల్లగా చచ్చిపోతుంది.

1868లో పారిస్ వైద్యుడు షార్కో ఒక జబ్బును వర్ణించాడు. మెదడులో అక్కడక్కడా గట్టిపడిన మచ్చలు, ఆ మచ్చల్లో మైలిన్ లేకపోవడం. అదే మల్టిపుల్ స్క్లీరోసిస్, క్లుప్తంగా ఎం.ఎస్. రివర్స్ కోతుల మెదడులో కనిపించిన దృశ్యం దానికి దగ్గరగా ఉండటంతో శాస్త్రవేత్తలకు ఒక దారి దొరికింది. రెండూ ఒకటే జబ్బని కాదు. సూది వల్ల వచ్చేది సాధారణంగా ఒక్కసారి వచ్చి పోతుంది. ఎం.ఎస్. ఏ సూదీ లేకుండానే, ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య వయసులో మొదలై, వచ్చి, తగ్గి, మళ్లీ వస్తుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. కానీ దాడి చేసే తీరును జంతువుల్లో చూసి నేర్చుకునే వీలు ఆ కోతులతోనే మొదలైంది.

తర్వాత పని ఒక్కో మెట్టే ఎక్కుతూ సాగింది. 1947లో ఎల్విన్ కాబట్ బృందం మరో పదార్థం కలిపి, పదుల సూదుల బదులు కొద్ది సూదులతోనే ఆ జబ్బు రప్పించగలిగింది. 1960లో ఫిలిప్ పాటర్సన్ జబ్బుపడిన ఎలుకల లింఫ్ గ్రంథుల్లోని కణాలు తీసి ఆరోగ్యమైన ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ జబ్బు వచ్చింది. అంటే దోషి రక్తంలో కరిగిన పదార్థం కాదు, బతికున్న కణం. ఆ కణం ఏదో 1981లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో బెన్-నూన్, వెకర్లే, కోహెన్ తేల్చారు. మైలిన్‌లోని ఒకే ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టే టి కణాలను విడిగా పెంచి ఎక్కించారు. అవి చాలు, ఎలుకల కాళ్లు పడిపోయాయి.

ఆ తర్వాత తెలిసిన సంగతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. మైలిన్‌ను గుర్తుపట్టే టి కణాలు ఎం.ఎస్. ఉన్నవాళ్లలోనే ఉంటాయనుకుంటాం. వెతికితే ఏ జబ్బూ లేనివాళ్ల రక్తంలో కూడా దొరికాయి. నాలో ఉండవచ్చు, ఈ మాటలు వింటున్న మీలో ఉండవచ్చు. అవి నిద్రపోతున్నాయి. కొందరిలో ఎందుకు లేస్తాయన్నదే అసలు ప్రశ్న.

లేచాక అవి ఏం చేస్తాయో జర్మనీలో వెకర్లే, ఫ్లూగెల్ బృందాలు సజీవంగా చూశాయి. టి కణాలకు వెలుగు అద్ది, ఎలుక వెన్నుపాము మీది రక్తనాళాల్లో వాటి కదలికలను ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో గమనించారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒక వింత ఉంది. మామూలుగా రక్తంలో కణాలు ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి. ఇవి నాళం లోపలి గోడను పట్టుకుని, ప్రవాహానికి ఎదురు పాకుతున్నాయి. సందు దొరికినచోట గోడ దాటుతున్నాయి. దాటాక అక్కడ కాపలా ఉండే కణాలు మైలిన్ ముక్కలను చూపిస్తే, అది తమకు తెలిసిన గుర్తే అనిపిస్తే, అప్పుడు దాడి మొదలవుతుంది. మరిన్ని కణాలను పిలుస్తాయి. పిలుపు అందుకున్నవి వచ్చి మైలిన్‌ను ఒలిచేస్తాయి.

మెదడులోని రక్తనాళాల గోడ మామూలు గోడ కాదు. పెనుకొండ కోట చూసినవాళ్లకు తెలుసు, 1565లో తల్లికోట యుద్ధం ఓడి విజయనగరం విడిచి వచ్చిన రాజులు తలదాచుకోవడానికి అదే చోటు ఎందుకు ఎంచుకున్నారో. మెదడు చుట్టూ ప్రకృతి కట్టిన కోట కూడా అంత కట్టుదిట్టమైనదే. కానీ ఆ కోటకు లోపలివాళ్లు ఎవరో, బయటివాళ్లు ఎవరో పోల్చే కాపలా టి కణాలే. కాపలావాడే తప్పుగా పోల్చుకుంటే ఏ గోడా ఏమీ చేయలేదు.

ఆ గోడ దగ్గరే ఆపేద్దామనుకున్నారు. గోడను పట్టుకోవడానికి టి కణాల మీద ఒక కొక్కెంలాంటి ప్రొటీన్ ఉంటుంది. దాన్ని మూసేస్తే కణాలు గోడ దాటలేవని టెడ్ యెడ్నాక్, లారెన్స్ స్టైన్మన్ బృందం 1992లో చూపింది. అలా వచ్చిన నటాలిజుమాబ్ మందుకు 2004 చివర్లో అమెరికాలో అనుమతి దొరికింది. మూడు నెలల్లో దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో కొందరికి జేసీ వైరస్ వల్ల మెదడులో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ వచ్చింది. కారణం తేలికగానే తెలిసింది. ఆ కణాలు మెదడులోకి పోయేది దాడి కోసమే కాదు, రోజూ గస్తీ తిరగడానికి కూడా. తలుపు మూస్తే దొంగతో పాటు గస్తీవాడూ బయటే ఆగిపోయాడు. జాగ్రత్తల నడుమ 2006లో ఆ మందు తిరిగి వచ్చింది. ఎం.ఎస్. మందు వాడేవాళ్లంతా ఇది గుర్తుపెట్టుకోవాలని నేను కోరుకుంటాను. ఈ మందుల్లో చాలావరకు ఏదో ఒక కాపలాను తగ్గిస్తాయి. మన ప్రాంతంలో అయితే మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి.

వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఇంకో కథ జరిగింది. సేలా, ఆర్నన్, టైటెల్‌బామ్ అనే ముగ్గురు మైలిన్ ప్రొటీన్‌ను పోలిన కృత్రిమ పదార్థాన్ని నాలుగు అమైనో ఆమ్లాలతో తయారుచేశారు. దానితో జంతువుల్లో జబ్బు రప్పించాలన్నది వాళ్ల ఉద్దేశం. జబ్బు రాలేదు. పైగా అది ఎక్కించిన జంతువులకు జబ్బు రాకుండా కాపాడింది. ఓడిన ప్రయోగాన్ని పక్కన పడేయకుండా వాళ్లు దాన్నే పట్టుకుని వేలాడారు. ఆ పదార్థమే గ్లాటిరమర్, 1996లో అమెరికాలో ఎం.ఎస్. మందుగా అనుమతి పొందింది. చాలా ఏళ్ల పాటు దాని ధర మధ్యతరగతికి అందలేదు. 2017 అక్టోబరులో దాని జెనరిక్ రూపానికి అమెరికాలో మైలాన్ కంపెనీకి అనుమతి దొరికినప్పుడు, ఆ మందు తయారీలో భాగస్వామి మన హైదరాబాదు నాట్కో. గొర్రె మెదడు సూది రేపిన ప్రశ్న నుంచి పుట్టిన మందు, ఇన్ని సముద్రాలు తిరిగి తెలుగు నేలకు చేరింది.

హైదరాబాదుకు ఇంకో పాత్ర కూడా ఉంది. అందరి కళ్లూ టి కణాల మీదే ఉన్న రోజుల్లో, కాలిఫోర్నియాలో స్టీఫెన్ హౌసర్ బి కణాల వైపు చూశాడు. బి కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందును 104 మంది ఎం.ఎస్. రోగుల మీద పరీక్షించి, 2008లో ఫలితం ప్రకటించాడు. మందు పడ్డవాళ్ల మెదడులో కొత్త మచ్చలు దాదాపు ఆగిపోయాయి. బి కణాలు కేవలం యాంటీబాడీలు తయారుచేసే యంత్రాలు కావు, టి కణాలను రెచ్చగొట్టేది కూడా అవేనని అప్పుడు అర్థమైంది. అంతకు ఒక్క ఏడాది ముందే, 2007లో, హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబ్‌కు సమానమైన మందును క్యాన్సర్ రోగుల కోసం మన దేశంలో విడుదల చేసింది. ఇవాళ మన దగ్గర ఎందరో ఎం.ఎస్. రోగులకు ఆరునెలలకోసారి సెలైన్‌తో ఎక్కించేది ఈ రకం మందే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో మొట్టమొదటిసారి ఎం.ఎస్. మందులు చేర్చినప్పుడు, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్ రెండూ అందులో ఉన్నాయి.

నిద్రపోయే కణాలను లేపేదెవరు అన్న ప్రశ్నకు 2022లో పెద్ద ఆధారం దొరికింది. హార్వర్డ్‌లో అల్బెర్టో అస్చెరియో బృందం కోటి మందికి పైగా అమెరికా సైనికుల సమాచారం గాలించింది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకాక ఎం.ఎస్. వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగిందని తేలింది. ఆ వైరస్‌లోని ఒక ప్రొటీన్ ముక్కకూ, మెదడులోని ఒక ప్రొటీన్‌కూ పోలిక ఉందని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు చూపారు. అయితే ఈ వైరస్ దాదాపు అందరికీ సోకుతుంది, ఎం.ఎస్. మాత్రం కొందరికే వస్తుంది. కాబట్టి అది తాళం తీసే చెవుల్లో ఒకటి, అదొక్కటే చాలదు. హౌసర్, అస్చెరియో ఇద్దరికీ కలిపి 2025లో బ్రేక్‌త్రూ బహుమతి ఇచ్చారు.

ఈ జబ్బు చలిదేశాలదే, మనకు లేదు అని నేను చదువుకునే రోజుల్లో చెప్పేవారు. మనకు తక్కువన్నది నిజం. మంగుళూరు నగరంలో డాక్టర్ లేఖా పండిట్ చేసిన సర్వేలో లక్షకు ఎనిమిది మంది దాకా కనిపించారు. యూరప్‌లో కొన్నిచోట్ల వందకు పైగా ఉంటారు. కానీ తక్కువ అనడం వేరు, లేదనడం వేరు. ఎం.ఆర్.ఐ. వచ్చాక లేదన్న మాట చెల్లలేదు. దీన్ని పోలిన మరో జబ్బు కూడా మన దగ్గర కనిపిస్తుంది. చూపు నరాన్నీ వెన్నుపామునూ పట్టుకునే న్యూరోమైలైటిస్ ఆప్టికా. దానికి రక్తపరీక్ష ఉంది, చికిత్స తీరు వేరు. ఎం.ఎస్.కు ఇచ్చే కొన్ని మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే ఒక్క స్కానింగు చూసి తొందరపడి పేరు పెట్టకూడదు.

మన ఎండల గురించి ఒక సంగతి చెప్పాలి. ఒళ్లు వేడెక్కితే మైలిన్ ఊడిన నరం పని ఇంకా మందగిస్తుంది. 1890లోనే ఊథాఫ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని గమనించాడు. ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరంలోనో హిందూపురంలోనో ఒక రోగికి మధ్యాహ్నం చూపు మసకబారి, కాళ్లు బరువెక్కి, సాయంత్రం చల్లబడగానే తేరుకుంటే అది కొత్త దాడి కాకపోవచ్చు. భయపడి, దాడికి వేసే స్టెరాయిడ్ సూదులు మళ్లీ వేయించుకోవద్దు. కానీ బలహీనత ఒక రోజుకు మించి తగ్గకుండా ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మందు పక్కన కాగితం సంగతి కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు ఉంది. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్లినప్పుడు ఆ పేరు, చట్టం పేరు కాగితం మీద రాసుకుని పోండి. నాకు తెలిసిన ఒకామెను ఒకచోట పైకి బాగానే ఉన్నావు కదమ్మా అని తిప్పి పంపేశారు. ఆ రోజు ఆమె బాగానే ఉంది మరి. వచ్చి పోయే జబ్బును ఒక్క పూట చూసి కొలవలేం.

ఆమె ధర్మవరం మనిషి. ఎనిమిదేళ్ల కిందట ఒక కన్ను మసకబారి పదిహేను రోజులకు దానంతటదే కుదుటపడింది. దిష్టి అన్నారు. మరుసటి ఏడు మగ్గం మీద కూర్చుంటే కుడిచేతి వేళ్లకు పేక పోగు తెలియలేదు, నాడె జారిపోయేది. వాతం అన్నారు, పసర్లు పూశారు. నా దగ్గరికి వచ్చేసరికి మూడేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఆర్నెల్లకోసారి తెల్లవారుజాము రైలుకు బెంగుళూరు వెళ్లి సెలైన్ ఎక్కించుకుని వస్తుంది. ఎండాకాలంలో గుంట మగ్గం చల్లగా ఉంటుందని, పొద్దు పొడవక ముందే మెడ మీద తడిగుడ్డ వేసుకుని నేతకు కూర్చుంటుంది. మొన్న వచ్చినప్పుడు తాను నేసిన చీర తెచ్చి నా బల్ల మీద పరిచింది. అంచులో జరీ తగిలే చోట ఒక్కొక్క వేలే ఆనించి చూసుకుంది.

"ఈడ తెలుస్తాంది సార్. ఈ రెండు వేళ్లకు మాత్రం ఇంకా తెలీదు" అంది.

చిటికెన వేలు, ఉంగరపు వేలు. ఆమె చీటీ మీద తారీకు వేసి రాసుకున్నాను. మళ్లీ ఆర్నెల్లకు వచ్చినప్పుడు ముందు వాటినే చూడాలి.